నూట ముప్పై ఒక్కసారి మోసే సంచి

సంచి పనితనం తెలియాలంటే దాన్ని తిరగేసి లోపలివైపు చూడాలి. బయటివైపు దుకాణం పేరుంటుంది, ఆకుపచ్చ రంగులో ఒక ఆకు బొమ్మ ఉంటుంది, భూమిని కాపాడమనే మాట ఒకటి ఉంటుంది. అదంతా అచ్చువేసినవాళ్ల పని. కుట్టినవాళ్ల పని లోపల ఉంటుంది. గుడ్డ అంచు ఎక్కడ దాగింది, దారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, పట్టీ మీది బరువు ఎన్ని వరసల మీద పడుతోంది అన్నవి అక్కడే కనిపిస్తాయి. నేను చెప్పబోయే సంచి కీసరలో ఒక కుట్టుమిషను మీద తయారైంది. మందపాటి కోరా గుడ్డ, రెండు పట్టీలు, పైన బొమ్మా రాతా ఏమీ లేవు. చేతిసంచిలో ఇంత శ్రద్ధ నేను అరుదుగా చూశాను.

కీసర అనగానే చాలామందికి గుట్ట గుర్తొస్తుంది. రామలింగేశ్వరుడి గుడి, కొండ నిండా పరచుకున్న లింగాలు, విష్ణుకుండినుల కాలపు ఇటుక కట్టడాలు, శివరాత్రి జాతర. కానీ ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ చుట్టుపక్కల బతుకు మారిపోయింది. నాగారం, దమ్మాయిగూడ, రాంపల్లి వైపు ద్రాక్షతోటలూ వరిపొలాలూ ఉన్న నేలల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి, వాటి వెంట సూపర్‌మార్కెట్లు వచ్చాయి. ఇంకో పక్క జవహర్‌నగర్ ఉంది. హైదరాబాదు చెత్త ఏళ్ల తరబడి వచ్చి పడుతున్న చోటు అది. అక్కడి మురుగు దిగి మల్కారం చెరువు పాడైపోయింది. గాలి ఇటు తిరిగిన రోజున దమ్మాయిగూడలో కిటికీలు మూసుకుంటారు. కవర్లో కూరగాయలు తెచ్చుకుని, ఆ కవర్‌లోనే చెత్త కట్టి పారేస్తే అది చివరికి ఎక్కడ చేరుతుందో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 1999లో ప్లాస్టిక్ క్యారీబ్యాగు కనీసం 20 మైక్రాన్ల మందం ఉండాలన్నారు. 2011లో అది 40 అయింది, 2016లో 50 అయింది. 2021 ఆగస్టులో తెచ్చిన సవరణతో అదే ఏడాది సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు తప్పనిసరి అయ్యాయి. స్ట్రాలు, ప్లాస్టిక్ చెంచాల లాంటి ఒకసారి వాడి పారేసే సామాన్లను 2022 జూలై 1 నుంచి నిషేధించారు. మందం పెంచడంలో ఒక తర్కం ఉంది. పలచని కవరు గాలికి ఎగిరిపోతుంది, చెత్త ఏరుకునేవాళ్లకు దాన్ని ఏరినా గిట్టదు. మందపాటి దానికి పాత సామాన్ల దుకాణంలో ధర ఉంటుంది, కొత్తది ఉచితంగా ఇవ్వడానికి దుకాణదారుడికి చేతులు రావు. అలా ఉచిత కవరు బిల్లు కౌంటరు దగ్గర నుంచి తప్పుకుంది, దాని స్థానంలో కాగితం సంచులూ గుడ్డ సంచులూ వచ్చి కూర్చున్నాయి. సంచికి డబ్బులు వసూలు చేయడం మీద వినియోగదారుల కమిషన్లలో చాలా కేసులు నడిచాయి. ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర డబ్బు అడగడం అన్యాయపు వ్యాపార పద్ధతి అని జాతీయ కమిషన్ 2020 డిసెంబరులో తేల్చింది. ఈ గొడవలన్నిటిలో సంచి ధర గురించే వాదించారు. ఆ ధరకు చేతికొచ్చిన సంచి ఎలాంటిదన్నది నా దృష్టిలో అంతకంటే పెద్ద ప్రశ్న.

పని ఎంత కష్టమో తెలియాలంటే ముందు ఓడించాల్సిన ప్రత్యర్థిని గౌరవంగా చూడాలి. రెండు చెవుల ప్లాస్టిక్ కవరు ఒక గొప్ప ఇంజనీరు పని. స్వీడన్‌లో సెల్లోప్లాస్ట్ అనే కంపెనీలో స్టెన్ గుస్తాఫ్ థూలిన్ దాన్ని రూపొందించాడు, 1965లో అమెరికా పేటెంటు వచ్చింది. గొట్టంలా వచ్చిన ప్లాస్టిక్ పొరను చదునుగా మడిచి, పైనా కిందా వేడితో అతికి, పైభాగంలో ఒక ముక్క కోసి తీసేస్తే మూతీ చెవులూ ఒక్కసారే తయారవుతాయి. చెవులు విడిగా అతికించినవి కావు, సంచి ఒంట్లోంచే పైకి సాగినవి. అందుకే చెవి సంచితో కలిసే చోట జోడు లేదు. ఎనిమిది గ్రాములకు అటూ ఇటూ ఉండే పొర తన బరువుకు వెయ్యి రెట్లు మోస్తుంది. చెడ్డ పర్యవసానాలున్న మంచి పనితనం అది. దాని స్థానంలో వచ్చేదానికి మంచి ఉద్దేశం ఒక్కటే ఉంటే సరిపోదు, పనితనంలోనూ సరితూగాలి.

ఇప్పుడు కీసర సంచి దగ్గరికి వద్దాం.

గుడ్డ కోయడంతోనే దాన్ని కుట్టే మహిళ నేర్పు మొదలవుతుంది. నలభై అంగుళాల పన్నా ఉన్న కోరా గుడ్డ తీసుకుంటుంది. సంచికి ఒకే ముక్క. పదహారు అంగుళాల వెడల్పు, ముప్పై తొమ్మిది అంగుళాల పొడవు. పన్నాలో రెండు ముక్కలు పక్కపక్కన పోగా ఎనిమిది అంగుళాల గుడ్డ మిగులుతుంది. దాన్ని నిలువునా రెండు చీలికలు చేస్తే నాలుగేసి అంగుళాల పట్టీలు రెండు వస్తాయి, ఒక్కోదాన్ని పొడవులో సగానికి కోస్తే నాలుగు. రెండు సంచులకు కావలసినవి సరిగ్గా నాలుగే. బల్ల కింద పడే ముక్క ఉండదు. సుద్దతో రెండు గీతలు గీసి, నోటితో లెక్క చెప్పకుండా కత్తెర ఆడించింది. కొలతలు నేనడిగితేనే చెప్పింది.

ఆ కోతలో ఇంకో లాభం ఉంది, అది నాకు మరీ నచ్చింది. పట్టీలు గుడ్డ పొడవు వెంట వచ్చాయి, అంటే పడుగు వెంట. నేతలో పడుగు పోగులు మగ్గం మీద బిగుతుగా సాగదీసి ఉంటాయి, పేక వాటి మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. అందుకే గుడ్డ అడ్డంగా సాగినంతగా నిలువుగా సాగదు. పేక వెంట కోసిన పట్టీ నాలుగు బరువులు మోశాక వదులై వేలాడుతుంది. పడుగు వెంట కోసినది కొలత తప్పకుండా ఉంటుంది. గుడ్డ మిగలకూడదన్న పొదుపూ, పట్టీ సాగకూడదన్న బలమూ ఒకే గీతలో కలిసిపోయాయి. రెండింటినీ కలిపే గీత ఎక్కడ గీయాలో తెలియడమే ఈ పనిలో విద్య.

అడుగున జోడు లేదు. ముక్కను మధ్యకు మడిస్తే ఆ మడతే అడుగు. ఐదు కిలోల బియ్యం పడే చోట కుట్టే లేకపోతే కుట్టు విప్పుకునే భయమూ లేదు. రెండు మూలలను త్రికోణంగా లాగి అడ్డంగా ఒక కుట్టు వేయడంతో అడుగు పెట్టెలా విచ్చుకుంటుంది, నూనె ప్యాకెట్లు పడిపోకుండా నిలబడతాయి.

పక్కల కుట్టు రెండుసార్లు పడుతుంది. మొదట గుడ్డను మంచివైపు బయటికుండేలా పెట్టి అంచు దగ్గర ఒక కుట్టు. తర్వాత పీచు కత్తిరించి, సంచిని తిరగేసి, ఆ అంచు లోపల ఇమిడిపోయేలా ఇంకో కుట్టు. గుడ్డ కొస ఎక్కడా బయటపడదు. ఓవర్‌లాక్ మిషను లేని ఇంట్లో ఓవర్‌లాక్‌ను మించిన కుట్టు ఇది. ఎన్ని ఉతుకులైనా పోగులు ఊడవు, విడిగా పోసిన పప్పులో దారప్పీచు కలవదు. జాకెట్ల లోపల ఒరుసుకోకుండా కుట్టే చేతికి ఇది అలవాటైన పనే. ప్రభుత్వ బడుల యూనిఫాంలు కుట్టే పనిని 2024లో మహిళా సంఘాలకు అప్పగించినప్పుడు ఇలాంటి చేతులే లక్షల జతలు కుట్టాయి. పిల్లలు లాగి పీకి తొడుక్కునే చొక్కాకు చంక దగ్గర ఎంత బలం కావాలో తెలిసినవాళ్లకు సంచి పట్టీ కొత్త పాఠమేమీ కాదు.

పట్టీ దగ్గరే అసలు పరీక్ష. గుడ్డ సంచులు దాదాపు అన్నీ అక్కడే చస్తాయి. చాలా సంచుల్లో పట్టీ కొసను మూతి మడతలో దూర్చి, మూతి చుట్టూ వేసే కుట్టుతోనే సరిపెడతారు. అప్పుడు బరువంతా ఒక్క గీత మీద, ఆ గీతలో కూడా పట్టీ వెడల్పున్న ఒక్క అంగుళం మీద పడుతుంది. నడిచేటప్పుడు సంచి ఊగిన ప్రతిసారీ ఆ అంగుళంలో మొదటి టాకా మీద గుంజు పడుతుంది. అది తెగితే రెండోది, తర్వాత మూడోది.

ఈమె ఏం చేస్తుందంటే, నాలుగంగుళాల పట్టీని నాలుగు మడతలు చేసి అంగుళం వెడల్పుకు తెస్తుంది. మూతిని ముందు అరంగుళం, మళ్లీ ఒక అంగుళం మడిచి, పట్టీ కొసను ఆ మడత కింద పెట్టి ఒక కుట్టు వేస్తుంది. తర్వాత పట్టీని పైకి తిప్పి, మడత మీద ఆనించి, అంగుళం చదరంగా నాలుగు పక్కలా కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు రెండు గీతలు లాగుతుంది. దాన్ని ఇంటూ కుట్టు అంటారు. గుంజు వచ్చినప్పుడు ఏ ఒక్క టాకా మీదా పడదు, చదరం మొత్తానికి పంచబడుతుంది. ఒక పక్క దారం అరిగినా మిగతా గీతలు పట్టుకునే ఉంటాయి. మొదలూ చివరా రివర్స్ కుట్టు ఉంది, కొస ఊడదు. ఆ చోట గుడ్డ పొరలు చాలా ఉంటాయి. మామూలు సూది వంగిపోతుందని 18 నంబరు సూది వేస్తుంది. పొరలు మందమైన చోట తొక్కుడు ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పి ఒక్కో పోటూ దింపుతుంది.

కుట్టు మరీ దగ్గరగా వేస్తే బలం పెరుగుతుందని నేనంటే, ఆమె తల అడ్డంగా ఊపింది. “దగ్గరదగ్గరకేస్తే గుడ్డకు బొక్కలు పడ్తయక్కా, ఆడికే చినుగుతది” అంది. నిజమే. సన్నటి కుట్టు తపాలా బిళ్లల షీటుకు పొడిచిన రంధ్రాల పనే చేస్తుంది, చింపడానికి గీత గీసి ఇచ్చినట్టవుతుంది. మందపాటి గుడ్డకు టాకా కాస్త పొడుగ్గా ఉండాలి. దారం ఎంత గట్టిదో గుడ్డా అంతే గట్టిదై ఉండాలి, ఒకటి రెండోదాన్ని కోయకూడదు. ఆమె వాడేది పాలిస్టర్ దారం. నూలు దారం చెమ్మకు త్వరగా చివుకుతుంది. మొత్తం నూలే ఉండాలన్న పట్టుదల ఉన్నవాళ్లకు ఇది రుచించకపోవచ్చు కానీ, పిడికెడు పాలిస్టర్ దారంతో సంచి ఆయుష్షు ఏళ్లకేళ్లు పెరిగితే నేను దాని పక్షమే.

ఆయుష్షు మీద ఎందుకింత పట్టింపు అంటే ఒక లెక్క ఉంది. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో సంచుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. ముడిసరుకు నుంచి పారేసేదాకా అన్నీ లెక్కవేస్తే, వాతావరణాన్ని వేడెక్కించడంలో ఒక్కసారి వాడే పలచని ప్లాస్టిక్ కవరుకు సమానం కావాలంటే కాగితం సంచిని మూడుసార్లు, నాన్ ఓవెన్ సంచిని పదకొండుసార్లు, నూలు సంచిని 131 సార్లు వాడాలని తేలింది. ప్లాస్టిక్ కవర్లలో నలభై శాతాన్ని జనం చెత్తబుట్టలో మళ్లీ వాడతారనుకుంటే నూలు సంచి లెక్క 173కు పోతుంది. పత్తి పండించినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. చేనుకు పోసిన ఎరువు, కొట్టిన మందు, నూలు వడికిన మిల్లు కరెంటు, అన్నీ ఆ సంచిలో మడిచి ఉన్నాయి. ఈ లెక్కలో ఆవు కడుపులో ఇరుక్కున్న కవరు లేదు, వానాకాలం నాలాకు అడ్డుపడ్డ కవరు లేదు, మల్కారం చెరువు లేదు. అవి కూడా కలిపితే తూకం మారుతుంది. అయినా 131 అన్న సంఖ్యను నేను పక్కన పెట్టలేను. వారానికోసారి సరుకులు తెస్తే రెండున్నరేళ్లు. పదిహేనో వారంలో పట్టీ ఊడిన గుడ్డ సంచి, ఎంత ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉన్నా, ఆ పలచని కవరు కంటే ఎక్కువ నష్టం చేసి పోయినట్టే. భూమికి జరిగే మేలు ఆ అంగుళం చదరంలో వేసిన ఇంటూ కుట్టు మీద ఆధారపడి ఉందంటే అతిశయోక్తి కాదు.

సూపర్‌మార్కెట్లలో గుడ్డ సంచి అని చేతికిచ్చేవాటిలో చాలావరకు గుడ్డ కానేకాదని కూడా ఇక్కడే చెప్పాలి. దగ్గరగా చూస్తే నేత కనిపించదు, పడుగూ పేకా లేవు, వేడితో అచ్చొత్తిన చిన్నచిన్న చుక్కలు వరసగా ఉంటాయి. పైన చెప్పిన నాన్ ఓవెన్ సంచి ఇదే. అది పాలిప్రొపిలిన్, అంటే ప్లాస్టిక్కే. కరిగిన పోగులను పరిచి అతికిన పొర. ఒక కొస కాల్చితే నూలు కాగితం వాసనతో బూడిదవుతుంది, ఇది కరిగి పూసలా గట్టిపడుతుంది. ప్లాస్టిక్ నిబంధనలు దీనికీ వర్తిస్తాయి. 2021 నుంచి చదరపు మీటరుకు 60 గ్రాముల కంటే తక్కువ ఉండకూడదు. పని పరంగా చూస్తే దీనిలోనూ నేర్పు ఉంది, దారం లేకుండా ధ్వని తరంగాలతో పక్కలు అతికేస్తారు. జాగ్రత్తగా నీడలో ఉంచి పదకొండుసార్లు దాటించగలిగితే దాని బాకీ అది తీర్చుకుంటుంది. కానీ బండి హ్యాండిల్‌కు తగిలించి ఎండలో వదిలేస్తే కొన్నాళ్లకు పొట్టు పొట్టుగా రాలుతుంది. ఆ పొట్టు ఎవరూ ఏరలేనిది. దాన్ని గుడ్డ సంచి అని అమ్మడం నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

కాగితానికి మన దగ్గర పాత పనితనమే ఉంది. కిరాణా కొట్టులో పప్పు పొట్లం కట్టే చేతిని చూసి పెరిగినవాళ్లం. కాగితాన్ని శంకులా చుట్టి, పప్పు పోసి, పైకొసను లోపలికి మడిచి, పైనుంచి జారే పురికొసను నాలుగు పక్కలా తిప్పి టక్కున తెంపేవాడు షావుకారు. జిగురు లేదు, కుట్టు లేదు. పాత పేపరు సిరాతో తిండి చుట్టవద్దని ఆహార భద్రత సంస్థ 2016లో చెప్పాక ఆ పొట్లం చాలాచోట్ల తగ్గింది, అది సబబే. ఇప్పుడు కౌంటరు దగ్గర కనిపించే గోధుమరంగు సంచి వేరే వంశానిది. చదునైన అడుగుతో నిలబడే కాగితం సంచిని మడిచి అతికే యంత్రాన్ని మార్గరెట్ నైట్ అనే అమెరికా కార్మికురాలు తయారుచేసింది. ఆమె నమూనా చూసిన ఒకతను తనదేనని పేటెంటుకు వెళితే, ఆమె గీతలూ లెక్కలూ తీసుకెళ్లి పోరాడి గెలిచింది, 1871లో పేటెంటు దక్కించుకుంది. ఈనాటికీ ఆ అడుగు మడతలో మూడు పొరలు ఒకదాన్నొకటి పట్టుకునే తీరు చూడముచ్చటగా ఉంటుంది. మన సూపర్‌మార్కెట్ల సంచిలో అడుగు సాధారణంగా బాగానే ఉంటుంది. ఊడేది మెలిపెట్టిన కాగితం పిడి, దాన్ని అతికిన చిన్న చీటీ దగ్గర. ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్లు చెమటపడితే అడుగు కూడా నిలవదు. కాగితం సంచి పొడి సరుకుకు మంచిది, జూలై వానలో కాదు.

ఇంకో దారి తిరుమల చూపించింది. హైదరాబాదులోని డీఆర్‌డీఓ ప్రయోగశాల సాంకేతికతతో మొక్కజొన్న పిండి పదార్థం ఆధారంగా చేసిన సంచులను లడ్డూల కోసం 2021 ఆగస్టులో అక్కడ అమ్మకానికి పెట్టారు. క్షిపణుల కోసం పదార్థాలను పరిశోధించే చోట లడ్డూ సంచి గురించి ఆలోచించారంటే నాకు ఎంతో గౌరవం కలిగింది. యాత్రికుడు సంచిని ఒకటి రెండు రోజులే వాడతాడు, 131 సార్ల లెక్క అతనికి కుదరదు. త్వరగా మట్టిలో కలిసిపోయే సంచే అక్కడ తగినది. శివరాత్రికి కీసరగుట్ట ఎక్కేవాళ్లకు కూడా అదే వర్తిస్తుందని నా అభిప్రాయం. ప్రతివారం సరుకులు తెచ్చుకునే నాగారం ఇల్లాలికి మాత్రం కుట్టిన సంచే కావాలి.

కుట్టిన సంచికి మిగతా వేటికీ లేని గుణం ఒకటుంది, బాగు చేసుకోవచ్చు. ఇంటూ కుట్టు అరిగిపోతే విప్పి, పాత ప్యాంటు గుడ్డతో కొత్త పట్టీ వేయొచ్చు. లోపలి అంచులు మూసి ఉన్నాయి కాబట్టి ఒళ్లు చెడిపోయి ఉండదు. ఆమె దగ్గర అలా పట్టీ మార్చిన సంచి ఒకటి గోడకు వేలాడుతోంది, ఒళ్లు తెల్లగా ఉతికి ఉతికి మెత్తబడింది, పట్టీలు నీలం. కొత్తదాని కంటే అదే నాకు ఎక్కువ నచ్చింది. గంజి దట్టంగా పట్టించిన గుడ్డను ఆమె ఎలా కనిపెడుతుందో కూడా చూపించింది. రెండు చేతుల మధ్య గట్టిగా నలిపితే తెల్లటి పొడి రాలుతుంది, మొదటి ఉతుకుతో ఆ మందం పోయి గుడ్డ వలలా మిగులుతుంది. తూకం వేస్తే ఈ మోసం తెలియదు, ఎందుకంటే గంజికీ బరువుంటుంది.

ఇక కూలి సంగతి. ఈ పనికి సంచి లెక్కన డబ్బిస్తారు. ఒక్క గీతతో పట్టీ వదిలేసినా, ఇంటూ కుట్టు వేసినా రేటు ఒకటే. నాలుగు కొసల దగ్గర ఆగి, సూది మార్చి, చక్రం చేత్తో తిప్పే సమయంలో ఇంకో సంచి సగం అయిపోతుంది. అంటే మంచి పని చేసినందుకు రోజు కూలిలో ఆమే కోత పెట్టుకుంటోంది. ఎందుకలా అని అడిగితే, “తెగితే మల్ల నా కాడికే తెస్తరు గదక్కా” అంది, అంతకుమించి వివరించలేదు. దుకాణాలు ఇచ్చే ఆర్డరులో సాధారణంగా సంచి సైజు, ఎన్ని కావాలి, పేరు ఏ రంగులో అచ్చువేయాలి అన్నంతవరకే ఉంటుంది. ఉతికి ఆరేసిన తర్వాత గుడ్డ బరువెంత ఉండాలి, పట్టీ పడుగు వెంట కోయాలి, అడుగున జోడు ఉండకూడదు, నాలుగు కొసలకూ చదరంతో ఇంటూ కుట్టు పడాలి అన్న నాలుగు వాక్యాలు అదే కాగితంలో చేర్చి, ఆ కుట్టుకు విడిగా రేటు రాస్తే, కీసరలోనూ నాగారంలోనూ ఆ సంచి కుట్టగల మిషన్లు ఇప్పటికే ఉన్నాయి.